పంతొమ్మిది గోళ్ళ ఇన్‌స్పెక్టరు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు తిరుత్తణిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నోటుపుస్తకం తీసి, "మేడమ్, ఫీల్డులో ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన దూడను ఎలా బయటికి లాగాలో అడుగుతారని నేను చీర కొంగు దోపుకుని సిద్ధంగా కూర్చుంటాను. వాళ్ళు అడిగేది కుక్క తోక గురించి. తోక కత్తిరించమని ఎవరైనా వస్తే ఏం చెయ్యాలి? కాలికి పైన వేలాడే గోరు తీసెయ్యమంటే ఏం చెప్పాలి? ఫోన్లో ఒక గుంపు క్రూరత్వం అంటోంది, ఇంకో గుంపు సంప్రదాయం అంటోంది, మీరు ఏ పక్షం?

నేను ఏ పక్షమో చెప్పే ముందు ఏ వీధిదాన్నో చెప్పాలి. మాది తిరుత్తణి బజారులో పాత్రల కొట్టు. కొండకు వచ్చే భక్తులు మెట్లు దిగి, మొక్కు తీరిన సంతోషంలో చెంబో గిన్నో కొనుక్కుపోయే వీధి. ఆ సంతోషం చల్లారక ముందే బేరం ముగించడం మా ఇంటి విద్య. మా నాన్న కొట్టులో 'లేదు' అనే మాట నిషిద్ధం. సరుకు లేకపోతే "రేపు వస్తుంది" అనాలి. ధర కుదరకపోతే "మీకోసం చూస్తాను" అనాలి. పగిలినదాన్ని వెనక్కి తెస్తే "కూర్చోండి, మజ్జిగ తాగండి" అనాలి. నేను పశువుల డాక్టరునయ్యాను గానీ ఆ కొట్టు నాలోంచి బయటికి పోలేదు. ఉద్యోగమంతా స్టెతస్కోపు వేసుకుని బేరాలే ఆడాను. ఆ బేరాల్లో గెలిచినవి మీకు పనికిరావు. ఓడినవి చెబుతాను.

గోళ్ళ లెక్క

ముందు లెక్క తెలుసుకోండి. మామూలు కుక్కకు ముందు కాళ్ళకు అయిదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది గోళ్ళు. ముందు కాళ్ళకు లోపలివైపు, నేలకు ఆనకుండా పైన ఉండేదాన్ని ఇంగ్లీషులో డ్యూ క్లా అంటారు. నేను పైగోరు అంటాను. కొన్ని కుక్కలకు వెనక కాళ్ళకు కూడా చెరొక పైగోరు వస్తుంది. అప్పుడు ఇరవై.

తిరువళ్ళూరు టౌనులో పెద్ద జాతి కుక్కల్ని తెచ్చుకునేవాళ్ళు ఈ పైగోరు కనబడగానే మొహం చిట్లించేవారు. కాలు నున్నగా ఉండాలట. అదే నేను పళ్ళిపట్టులో పనిచేసిన రోజుల్లో, ఇరవై గోళ్ళ కుక్క అంటే ఊరంతా వచ్చి చూసిపోయేది. అది పులినైనా నిలేస్తుందని నమ్మకం. కుక్కపిల్లను కొనేముందు, కుండను తట్టి చూసినట్టు వెనక కాలు ఎత్తి చూసేవాళ్ళు. అంటే ఒకే జిల్లాలో, ఒకే బస్సు రూటులో, ఒక చివర గోరు తియ్యమనేవాళ్ళు, ఇంకో చివర గోరు కోసం వెతికేవాళ్ళు. మధ్యలో సంచీ పట్టుకుని నేను.

పళ్ళిపట్టులో ఒక పెద్దమనిషి పద్దెనిమిది గోళ్ళ పిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు.

"డాక్టరమ్మా, దీనికి యెనక రెండు గోళ్ళు తక్కువుండాయి. అతికించియ్యమ్మా."

తక్కువ కాదు, అన్నీ ఉన్నాయి, అతికించడం అనేది లేదు అని చెప్పి ఉండాల్సింది. 'లేదు' అనే మాట నా నోట రాలేదు. "సైజు దొరకాలయ్యా" అన్నాను. అది కుదరని పనికి మర్యాదగా చెప్పిన సమాధానం అని నేననుకున్నాను. ఆయన అలా అనుకోలేదు. పై వారం మళ్ళీ వచ్చి, ఆవులతో నిండిన ఆవరణలో అందరికీ వినబడేలా అడిగాడు:

"సైజు వచ్చినాదా అమ్మా? లేకుంటే మద్రాసు పోయి తెచ్చుకోమంటావా?"

తోక సభ

తిరువళ్ళూరులో ఉండగా మా పై అధికారి ఒకాయన, తమిళుడు, తక్కువ మాట్లాడే మనిషి. ఆయనకు తోకల విషయంలో రెండు వైపుల నుంచీ అర్జీలు వచ్చిపడ్డాయి. కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్ళు ఒక వైపు, చెన్నై నుంచి వచ్చే జంతుప్రేమికులు ఒక వైపు. ఆయన ఒక కల్యాణ మండపంలో ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించాడు.

పెంపకందార్లు కప్పులు గెలిచిన కుక్కల ఫొటోలు తెచ్చారు. పొదల్లో వేటకు తిరిగే కుక్కకు తోక చీలుతుంది, అందుకే ముందుగా తీస్తాం అన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరి కుక్కా సోఫా కంటే దట్టమైన పొదను చూసి ఉండదు. పుట్టిన మొదటి రోజుల్లో తీస్తే పిల్లకు నొప్పి తెలియదు అని ఒకాయన అన్నాడు. "తెలియదని మీకెవరు చెప్పారు?" అంది అవతలి వైపు నుంచి ఒకావిడ. "అది ఏడవదమ్మా" అన్నాడాయన. ఈ విషయంలో నేను నవ్వులాట ఆడలేను. అది ఏడుస్తుంది. నేను విన్నాను. చిన్న గొంతు కాబట్టి, ఫ్యాను తిరుగుతుంటే వినబడదు. అంతే తేడా.

జంతుప్రేమికులు కూడా తక్కువేమీ తినలేదు. తోక తీయడం వల్ల కుక్క ఆత్మగౌరవం పోతుందని ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. ఆత్మగౌరవం తోకలో ఏ ఎముక దగ్గర ఉంటుందో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇలా సాగుతుండగా వంటశాల వైపు నుంచి సాంబారు వాసన పట్టుకుని ఒక వీధి కుక్క లోపలికి వచ్చింది. నిండు తోక, నాలుగు కాళ్ళ గోళ్ళూ భద్రం. రెండు వరుసల మధ్యగా నడిచి వచ్చి వేదిక ముందు నిలబడి, అందరినీ చూసి తోక ఊపింది.

"తోలండయ్యా దాన్ని!" అని రెండు పక్షాలూ ఒకేసారి అరిచాయి. ఆ రోజు ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం అదొక్కటే.

భోజనాల దగ్గర మా అధికారి నా పక్కన కూర్చున్నాడు. ప్రతి పక్షంతోనూ నేను "కొంచెం మీరు తగ్గండి, కొంచెం వాళ్ళు తగ్గుతారు" అని రాజీ మాట్లాడటం ఆయన చూశాడు.

"బేరం బాగా ఆడతావమ్మా" అన్నాడు తమిళంలో. "కొనేవాడు కనబడ్డాడు, అమ్మేవాడు కనబడ్డాడు. సరుకు ఎవరిది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పడం నములుతున్నాను. బజారులో పుట్టినదాన్ని సరుకు ఎవరిదని అడిగితే ఎవరి కొట్టులో ఉంటే వాళ్ళదే అంటాను. ఆ ప్రశ్న నిజంగా తగిలింది చాలా ఏళ్ళ తర్వాత, మా వీధిలోనే, ఒక ఇన్‌స్పెక్టరు దగ్గర.

దొంగను సాగనంపినవాడు

ఇన్‌స్పెక్టరు అంటే కుక్క. మా నాన్న కొట్టు పక్కనే ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఇప్పుడు దాన్ని నడిపేవాడు ధనశేఖరు, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. వాళ్ళమ్మ కుప్పమ్మత్త పుట్టిల్లు పళ్ళిపట్టు అవతలి పల్లె. అక్కడినుంచి ఆవిడ ఒక ఇరవై గోళ్ళ పిల్లను వైరు బుట్టలో పెట్టుకుని తెచ్చింది. పేరు వింటేనే జనం భయపడాలని శేఖరు దానికి ఇన్‌స్పెక్టర్ అని పెట్టాడు. నల్లని మూతి, ఎర్రటి ఒళ్ళు, దూడంత ఎదిగింది. చూస్తే నిజంగానే భయం వేస్తుంది.

నేను తిరుత్తణి ఆస్పత్రిలో ఉన్న ఆఖరి సంవత్సరాల్లో ఒక ఉదయం శేఖరు దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని తెచ్చాడు.

"అక్కా, వీడి తోక తీసెయ్యాల."

"ఏమయింది తోకకు?"

"తోకకేమీ కాలేదు. నాకే అయింది. ఇది చూడు."

ఫోను నా చేతికి ఇచ్చాడు. కొట్టులో కెమెరా పట్టిన బొమ్మ. మధ్యాహ్నం, సగం దించిన షట్టరు, శేఖరు భోజనానికి పోయిన సమయం. ఒక మనిషి వంగి లోపలికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు లేచాడు. ఆ మనిషి కొయ్యబారిపోయాడు. తోక ఊగింది. ఆ మనిషి భుజాలు కిందికి దిగాయి. తల నిమిరాడు, జేబులోంచి బన్ను తీసి పెట్టాడు, ఇత్తడి కుళాయిల పెట్టె ఒకటి భుజానికెత్తుకుని బయలుదేరాడు. ఇన్‌స్పెక్టరు వీధి మలుపు దాకా వెంట వెళ్ళి, వాణ్ణి సాగనంపి, తిరిగొచ్చి పడుకున్నాడు.

"చూసినావా? పెద్దల్లుడు వచ్చినట్ల పంపించి వచ్చినాడు" అన్నాడు శేఖరు. "మూతి చూస్తే పులి మాదిరి ఉండాడు గదక్కా. తోక వల్లనే చెడతా ఉండాడు. తోక లేకుంటే దొంగోడికి యెట్ల తెలుస్తాది, వీడు మంచోడని?"

తోకలు ఎందుకు కొయ్యాలో నేను చాలా కారణాలు విన్నాను. అందం అన్నారు, శుభ్రం అన్నారు, పరువు అన్నారు. ఇంత నిజాయితీ అయిన కారణం ఎవరూ చెప్పలేదు. కుక్క స్వభావాన్ని మార్చమని శేఖరు అడగలేదు. దాచిపెట్టమన్నాడు.

"తీయకుంటే?" అన్నాను.

"ఊత్తుకోట పోయే దావలో మా బావకు కోళ్ళ ఫారం ఉండాది. వీణ్ణి ఆడ ఇచ్చేసి అల్సేషను తెచ్చుకుంటా. కొట్టుకు కావలి వద్దా?"

కోళ్ళ ఫారంలో ఇన్‌స్పెక్టరు బతుకు నాకు కళ్ళకు కట్టింది. మనిషి మొహం కనబడకుండా గొలుసుకు కట్టేసిన కుక్క, ఎవరి కోసం ఊపాలో తెలియని తోక. వద్దని చెప్పాలి. నోరు తెరిచాను. నా లోపలినుంచి మా నాన్నే మాట్లాడాడు.

"ఎంత తీయాల?"

"మొత్తం."

"మొత్తం తీస్తే ఈగల్ని యెట్ల తోలుకుంటాడు రా?"

"అయితే సగం."

"సగం తోకకు బరువు తక్కువ. ఇంకా జోరుగా ఊగుతుంది. దొంగకు దూరం నుంచే కనబడుతుంది."

శేఖరు ఆలోచించాడు. ఇది వాడికి న్యాయంగా తోచింది. "పావు భాగం ఉంచు, ముక్కాలు తియ్యి."

"ముక్కాలు తీస్తే పంది అనుకుంటారు."

ఇలా చీరల కొట్టులో అంచు దగ్గర తెగని బేరంలా సాగుతుంటే, ఆ తోక మా ఇద్దరి మధ్యా బల్లకాలును టపటపా కొడుతూనే ఉంది. అప్పుడు ఇన్‌స్పెక్టరు కూర్చుని వెనక ఎడమ కాలు నాకడం మొదలుపెట్టాడు. ఎత్తి చూశాను. వెనక పైగోరు నేలకు అరగదు కదా, పెరిగి పెరిగి ఉంగరంలా చుట్టుకుని కొన తిరిగి చర్మంలోకి దిగింది. చుట్టూ చీము. వాసన.

"గోరు ఎందుకు కత్తిరించలేదు రా?"

"అమ్మ ముట్టనియ్యదక్కా. ఇరవై గోళ్ళోడికి గోరు కత్తిరిస్తే బలం దిగిపోతాదంట."

చూశారా పరిస్థితి? కొయ్యాల్సినది ముట్టనివ్వరు. కొయ్యకూడనిది కొయ్యమంటారు.

"మీ అమ్మను పిల్చుకోనిరా" అన్నాను.

మత్తుమందు వృథా కాకూడదు

మర్నాడు శేఖరునూ కుక్కనూ వెంటబెట్టుకుని కుప్పమ్మత్త ఆటోలో దిగింది. నన్ను గౌను వేసుకున్న రోజుల నుంచి ఎరిగిన మనిషి.

"ఏం పాపా," అంది గుమ్మంలోనే, "మీ నాయన చెంబుకు సొట్ట పడితే సొట్ట తీసిచ్చేవాడు. నువ్వేమో చెంబునే తీసేస్తానంటావంట?"

"కూర్చో అత్తా, మజ్జిగ తాగు" అన్నాను.

కుక్క కాలు ఎత్తి చూపించాను. కుడి గోరు బాగానే ఉంది, కొన కత్తిరిస్తే చాలు. ఎడమది లోపల కుళ్ళింది, తియ్యక తప్పదు. ముందు కాలి పైగోరైతే ఎముకతో గట్టిగా అతుక్కుని ఉంటుంది, కుక్క ఎముక పట్టుకుని కొరకడానికి, పరుగులో మలుపు తిరగడానికి వాడుకుంటుంది. ఈ వెనకది చర్మానికి వేలాడుతున్నది మాత్రమే. ఇదంతా నేను వివరంగా చెప్పాను. ఆవిడ వినలేదు. నేను దూదితో ఒత్తినప్పుడు ఇన్‌స్పెక్టరు అరవకుండా, కరవకుండా, ఆవిడ మోకాలి మీద తల పెట్టి వణికాడు. అది మాత్రం చూసింది.

"నొప్పా నాయనా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "తియ్యి" అంది.

మత్తు ఇచ్చాను. గోరు తీశాను, శుభ్రం చేశాను, కుట్లు వేశాను. కుడి గోరు కొన కత్తిరించాను. ఇన్‌స్పెక్టరు బల్ల మీద నాలుక బయటపెట్టి గాఢనిద్రలో ఉన్నాడు. కుప్పమ్మత్త వచ్చి వాడి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క గోరూ వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది" అంది.

"అవునత్తా."

"పంతొమ్మిదేం లెక్క పాపా? ఉంటే ఇరవై, లేకుంటే పద్దెనిమిది. అంటే బలమన్నా ఉండాల, లేకుంటే మామూలన్నా ఉండాల. మధ్యలో ఇదేంది? ఆ పక్కదీ తీసెయ్యి."

నిన్నటిదాకా గోరు కొనను కూడా ముట్టనివ్వని మనిషి, ఇప్పుడు నిక్షేపంలాంటి గోరును సరి లెక్క కోసం తీసెయ్యమంటోంది.

శేఖరు ముందుకొచ్చాడు. "అదీ, అట్లే తోకా చూసెయ్యక్కా. యెట్లా మత్తులోనే ఉండాడు గదా. మందు వేస్టు గాకుండా."

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వాదన నన్ను కదిలించింది. సిరంజితో లోపలికి పోయిన మందు పూర్తిగా వాడకుండా కుక్కను లేపడం అంటే, బజారు బిడ్డగా నాకు ప్రాణం ఉసూరుమంది. వెంటనే బుద్ధి తెచ్చుకుని, మంచి బేరం ఒకటి తీశాను. నా ఉద్యోగంలోకెల్లా తెలివైన బేరం.

"అత్తా, గోరు యాడికీ పోలేదు" అన్నాను, ట్రేలో ఉన్నదాన్ని కడిగి, దూది మీద పెట్టి చూపించి. "పిల్లోళ్ళకు పులిగోరు కడతాము గదా, అట్ల దీన్ని వాడి మెడలో కట్టు. కాళ్ళకు పంతొమ్మిది, మెడలో ఒకటి. ఇరవై."

ఆవిడ గోరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నగలు కొనేదానిలా తిప్పి చూసింది.

"వెండిలో కట్టిస్తా" అంది చివరికి. "ఇరవై ఉంటాది గదా మొత్తం?"

"మొత్తం ఇరవై."

ఆ క్షణంలో మా నాన్న ఉంటే గల్లాపెట్టె తాళం నా చేతికిచ్చేవాడు. ఆరోగ్యంగా ఉన్న గోరు మిగిలింది, ఆవిడ లెక్క నిలిచింది, నా నోట 'లేదు' రాలేదు. ఆ సంతోషం చేతులు కడుక్కునేంత సేపు ఉంది.

"అయితే తోకా అట్లే చేసేద్దాము" అన్నాడు శేఖరు.

"ఎట్లే?"

"తోక తీసి, ఎండబెట్టి, కొట్టులో సామి పటం కింద తగిలిస్తా. లెక్కకు తోక ఉంటాది. ఊగేదానికి ఉండదు."

"అది బాగుండాదే" అంది కుప్పమ్మత్త.

నా సరుకును నాకే అమ్ముతున్నారు. నేను వెనక్కి తగ్గుతూ పోయాను. ఇప్పుడు ఎండాకాలం, పుండు మానదు అన్నాను. కొండ మీద ఆడి కృత్తిక పండుగకు చేద్దామన్నాడు. అప్పుడు కావడి జనం, ఆస్పత్రి దాకా బండి రాదు అన్నాను. నడిపించుకోని వస్తా అన్నాడు. ఎండబెట్టిన తోకకు పురుగు పడుతుంది అన్నాను. వార్నిష్ వేస్తా అన్నాడు, కొట్టులోనే ఉంది. ప్రతి మాటతోనూ తోక బల్ల అంచుకు దగ్గరవుతోంది. బల్ల మీదివాడు మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మేం ముగ్గురం వాడి ఒంటిని పంచుకుంటున్నాం, ఆ పంపకంలో వాడొక్కడే లేడు. సరుకు ఎవరిదమ్మా అన్న ప్రశ్న అప్పుడు తగిలింది నాకు.

"శేఖరూ, చెయ్యను" అన్నాను.

"ఏందక్కా?"

"చెయ్యను. ఈ నెలా చెయ్యను, వచ్చే నెలా చెయ్యను. వాడి తోకకు జబ్బు లేదు. జబ్బు లేనిది నేను కొయ్యను. ఇంకోడి దగ్గరికి పిల్చుకోని పోయినావంటే ఆడికీ వచ్చి అడ్డం నిలబడతా."

ఆ గదిలో అంత సూటి మాట అంతకు ముందు నేను మాట్లాడిన గుర్తు లేదు. గొడవ అవుతుందనుకున్నాను. బజారులో నా పరువు పోతుందనుకున్నాను. శేఖరు నా మొహం చూశాడు, కుక్క మొహం చూశాడు, తల గోక్కున్నాడు.

"ఈ మాట మొదట్లోనే చెప్పేదానికేమక్కా? ఊరికే రెండు దినాలు కొట్టు మూసుకోని వచ్చినా."

"వాళ్ళ నాయన మాదిరే" అంది కుప్పమ్మత్త లేస్తూ. "ఇత్తడి అండా లేదని చెప్పేదానికి మా పెండ్లిలో నెలంతా తిప్పినాడు. మాకు తెలీదా లేదని? ఆయన నోటితో చెప్తాడేమోనని పోతా ఉంటిమి."

నలభై ఏళ్ళుగా మా కుటుంబ విద్య అనుకున్నది, బజారంతా చూస్తున్న వేడుక అని అలా తెలిసింది.

అయితే కథ తేలలేదు. గడప దాటుతూ శేఖరు అన్నాడు: "కుట్లు ఇప్పినాక కోళ్ళ ఫారానికి పంపించేస్తా. అంతవరకే."

మీకు చెప్పదలచుకున్నది

ఇక్కడ ఆగి, పిల్లలు అడిగినదానికి జవాబు రాసేస్తాను. నేను ఏ పక్షమూ కాను అని తప్పించుకోను. ముందు కాలి పైగోరు కుక్క వాడుకునే వేలు. దాన్ని అందం కోసం తియ్యకండి. వెనక కాలిది ఊగుతూ ఉన్నా, మాటిమాటికీ తగులుకుని చిరుగుతుంటే తప్ప వదిలెయ్యండి. గోరు కత్తిరించడం నేర్పండి, సగం కేసులు మీ దగ్గరికే రావు. తోక చీలితే, కుళ్ళితే, గడ్డ వస్తే తియ్యండి, మత్తిచ్చి, నొప్పికి మందిచ్చి, సిగ్గుపడకుండా తియ్యండి. యజమాని కంటికి బాగుండాలని మాత్రం తియ్యకండి. రూల్సు ఏమంటున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. కానీ రూలు చూపించి కాదన్న డాక్టరును జనం రూలు మారేదాకా తిట్టుకుంటారు. తన నోటితో కాదన్న డాక్టరును ఆ పూటే తిట్టి, మర్నాడు ఆవును తోలుకొస్తారు.

తెలివైన బేరంతో గెలవకండి. మీరు పన్నిన తెలివి బల్ల అవతలివాడి చేతికి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు వాడు సామి పటం కింద ఏం తగిలిస్తాడో చెప్పలేం.

డ్రమ్ము

కుట్లు నాకకుండా మెడకు ఏదైనా అడ్డం కట్టమని చెప్పాను. శేఖరు కొట్టులోంచి ఎర్ర ప్లాస్టిక్ బక్కెట్ తీసి అడుగు కోసి ఇన్‌స్పెక్టరు తలకు తొడిగాడు. వీధిలో తిరిగి కాలికి మట్టి అంటించుకోకూడదు కాబట్టి గల్లా బల్ల వెనక, ఖాళీ పెయింటు డ్రమ్ముల పక్కన కట్టేశాడు.

కుట్లు విప్పే రోజు వాళ్ళు రాలేదు. కోళ్ళ ఫారానికి అప్పుడే పంపించేశాడని నాకు గుబులు పుట్టింది. సంచీ తీసుకుని నేనే కొట్టుకు వెళ్ళాను.

మెట్ల మీద నలుగురు కొనుగోలుదార్లు నిలబడి ఉన్నారు. ఎవరూ లోపలికి పోవడం లేదు. లోపలినుంచి ధన్, ధన్, ధన్ అని శబ్దం. బల్ల మీదుగా ఎర్ర బక్కెట్ ఒకటి, అందులోంచి నల్లని మూతి, కింద వెండిలో మెరుస్తున్న గోరు.

"లోపల ఏందన్నా ఆ కొట్టుకోడం?" అని అడిగాడు ముందున్నవాడు, కడంబత్తూరు నుంచి వచ్చిన మేస్త్రీ.

"కోపంగా ఉండాడు" అన్నాడు శేఖరు, తల ఎత్తకుండా. "నీకేం కావాల చెప్పు, నేనే ఆడికి తెచ్చిస్తా."

"రెండు తాళాలు."

"ధర చెప్పేదా?"

"నువ్వు ఇచ్చేయన్నా, పోతా."

నేను బల్ల వెనక్కి వెళ్ళి చూశాను. మనిషి కనబడినప్పుడల్లా ఇన్‌స్పెక్టరు ఆనందంతో తోక ఊపుతున్నాడు. ఊపినప్పుడల్లా ఆ తోక ఖాళీ డ్రమ్మును వాయిస్తోంది. నన్ను చూడగానే ధ్వని రెట్టింపయింది. మెట్ల మీద ఇద్దరు కిందికి దిగిపోయారు.

కుట్లు విప్పాను. గాయం శుభ్రంగా మానింది. "కోళ్ళ ఫారానికి ఎప్పుడు పంపేది?" అన్నాను, మొహం చూడకుండా.

"ఎవర్ని?" అన్నాడు శేఖరు.

కుప్పమ్మత్త స్టూలు మీద కూర్చుని వక్క నములుతూ, "పోయిన వారం షట్టరు కాడ ఎవరో తచ్చాడినాడు పాపా" అంది. "వీడు సంతోషపడినాడు. ఆ చప్పుడుకు వాడు చెప్పు యిడిచి పారిపోయినాడు. చెప్పు ఇంకా ఆడనే ఉండాది."

నేను నవ్వుతూనే తోక చేతిలోకి తీసుకున్నాను. కొన దగ్గర వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రగా కమిలింది. ఇది నేను చూసిన జబ్బే. ఇనుముకు కొట్టుకుని కొట్టుకుని తోక కొన చీలుతుంది, ఊపినప్పుడల్లా మళ్ళీ తెగుతుంది, ఎప్పటికీ మానదు.

"శేఖరూ, ఆ డ్రమ్ముకు గోనె చుట్టాల. లేకుంటే ఈ తోక పుండు పడతాది. అప్పుడు నేనే తీయాల్సి వస్తాది."

శేఖరు మొహం రంగు మారిపోయింది. గబగబా వచ్చి తోకను నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నాడు, ఎవరో లాక్కుపోతున్నట్టు.

"తోక తీసేస్తే కొట్టుకు కావలి ఎవరక్కా?"

"అయితే గోనె చుట్టు."

"చప్పుడు తగ్గిపోతాదే. పలచంగా ఒక్క చుట్టు చుట్టేదా?"

"వద్దు. మూడు చుట్లు. తగ్గించను."

వాడు నా మొహంలోకి చూశాడు, బేరం లేదని తెలుసుకున్నాడు, వెనక్కి తిరిగి గోనె సంచి వెతకడానికి పోయాడు.